టైలరమ్మ నేర్పిన తెలుగు

టైలరమ్మకి నోరు ఊరుకోదు. మనుషులుంటే మనుషులతో మాట్లాడుతుంది, లేకపోతే కుట్టుమిషనుతో మాట్లాడుతుంది. పరాయి దేశంలో, బట్టలుతికే దుకాణానికీ తాళంచెవులు చేసేవాడి కొట్టుకీ మధ్య ఇరుక్కున్న ఆ చిన్న గదిలో ఆవిడ ముప్పై ఏళ్లుగా ప్యాంట్లు పొట్టి చేస్తోంది, కోట్లు వదులు చేస్తోంది, జిప్పులు మారుస్తోంది. అంతసేపూ ఆవిడ మాట్లాడే తెలుగు ఆ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లందరూ కలిసినా మాట్లాడరు. వినేదెవరంటారా? ఒకటి మిషను, రెండు మొగుడు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు కొట్లో ఓ మూల కుర్చీ వేసుకుని గుండీలు కుడుతూ, పెళ్లాం మీద జోకులు వేస్తూ కాలక్షేపం చేస్తున్నాడు.

దారం తెగినా, చక్రం మొరాయించినా టైలరమ్మ మిషను నెత్తి మీద ఒక్కటి చరిచి, "తిరగవే తల్లీ, తిరిగితే అరిగిపోతావా?" అంటుంది. అది ఆవిడ సొంత మాట కాదు, వాళ్లమ్మది. వాళ్లమ్మ ఇంటి వసారాలో మిషను పెట్టుకుని వీధి వీధంతటికీ రవికలు కుట్టేది. అటు పక్కన పెద్దకూతురు కాజాలు కుట్టేది, ఇటు పక్కన చిన్నకూతురు అంచులు మడిచేది. ఒకత్తె పెద్దది, ఒకత్తె చిన్నది. బళ్లో రాయించిన పేర్లు బడికే గానీ ఇంట్లో పెద్దదానా, చిన్నదానా అనే పిలుపులే. మిషనుకీ కూతుళ్లకీ ఆవిడ దగ్గర తేడా లేదు, ముగ్గురికీ ఒకటే తిట్టు. "లేవవే తల్లీ, లేస్తే అరిగిపోతావా?" "పట్టుకోవే తల్లీ, పట్టుకుంటే అరిగిపోతావా?" చెప్పొద్దూ, ఆ ఇంట్లో ఎవరూ అరిగిపోలేదు, ఆ మహాతల్లి ఒక్కతే అరిగిపోయింది. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇప్పుడు ఆ ఇంట్లో అక్క ఉంటోంది. అక్కకీ టైలరమ్మకీ మాటల్లేవు.

ఎందుకు లేవో చెప్తాను వినండి. ఇలాంటి ఘనకార్యం దేశం దాటి వెళ్లినవాళ్లే చెయ్యగలరు. అక్క కూతురి పెళ్లికి టైలరమ్మ మొగుణ్ణీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లింది. అంతకుముందు వెళ్లినప్పుడు పిల్లలకి వాంతులయ్యాయని, ఈసారి స్టేషన్లోనే ఓ అట్టపెట్టెడు నీళ్ల సీసాలు కొని తీసుకెళ్లింది. అక్కడితో ఆగినా బాగుండేది. పిల్లలు మగపెళ్లివారితో కలిసి బంతిలో కూర్చున్నప్పుడు, ఎవరో ముసలావిడ టైలరమ్మ కొడుక్కి గ్లాసుతో నీళ్లిచ్చింది. టైలరమ్మ పరుగున వచ్చి, వాడి నోటి దగ్గరి గ్లాసు లాక్కుని, ఆ నీళ్లు నేల మీద పారబోసింది. భయంతో చేసిందే, పొగరుతో కాదు. కానీ చూసేవాళ్లకి తేడా ఎలా తెలుస్తుంది? పెళ్లికొడుకు మేనత్త తినడం ఆపి, "మీ ఇంటి నీళ్లు మీవాళ్లే తాగరా?" అని అక్కని అడిగింది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పగింతలయ్యాక చెల్లెల్ని పక్కకి పిలిచి, "నా ఇంటి నీళ్లు పనికిరానప్పుడు నా గడప ఎందుకు తొక్కావే?" అంది. అంతే, మళ్లీ మాట్లాడలేదు.

ఆ తర్వాత టైలరమ్మ ఒకసారి ఫోన్ చేసింది. "అక్కా" అంది. అవతల అక్క, "ఎవరు?" అని అడిగింది. గొంతు గుర్తుపట్టి మరీ ఎవరని అడిగితే ఏమని చెప్పాలి? టైలరమ్మ ఫోన్ పెట్టేసి, ఆ రోజంతా మిషనుతో కూడా మాట్లాడలేదు. మళ్లీ చేసే ధైర్యం ఆవిడకి ఇన్నేళ్లలో రాలేదు. రోజూ ఏదో వేళ అక్క గుర్తొస్తుంది.

ఇదిలా ఉండగా ఒకరోజు కొట్లోకి ఇంజనీరు వచ్చాడు. ఆ దేశం వాడే, పొడుగాటి మనిషి, చేతిలో నాలుగు పల్చటి ప్యాంట్లు. చలికాలం పోయాక ఎండ దేశానికి వెళ్తున్నాను, కొంచెం పొట్టి చెయ్యండి అన్నాడు. పాలు చల్లబరిచే యంత్రాలు తయారుచేసే కంపెనీ అతనిది. ఏ ఊరికి అని టైలరమ్మ మామూలుగా అడిగింది. అతను ఊరి పేరు వంకర్లు తిప్పి చెప్పాడు. ఎంత వంకర తిప్పినా సొంత ఊరి పేరు తెలియకుండా పోతుందా? గుండుసూది ఆవిడ వేలిలో దిగింది.

"అక్కడ ఆడవాళ్ల పాల సంఘం ఉంది," అన్నాడతను అక్కడి భాషలో. "మా వాళ్లు రెండుసార్లు వెళ్లొచ్చారు. కోట్లు వేసుకుని, దుబాసీని పెట్టుకుని, తెర మీద బొమ్మలు చూపించి మరీ చెప్పారు. వాళ్లు మర్యాదగా విని, టీ ఇచ్చి, పంపించేశారు. ప్రెసిడెంటు ఒప్పుకోవడం లేదు. ఈసారి కూడా కుదరకపోతే ఇక వదిలేస్తారు."

ఫోన్లో ప్రెసిడెంటు ఫొటో చూపించాడు. పాల క్యాన్ల ముందు కుర్చీలో అక్క కూర్చుని ఉంది. జుట్టు తెల్లబడిపోయింది. కళ్లజోడు వచ్చింది. ఫొటో తీసేవాణ్ణి కూడా తిట్టేట్టు చూస్తోంది. టైలరమ్మ ఆ ఫొటోని ఎంతసేపు చూసిందంటే, ఇంజనీరు ఫోన్ వెనక్కి తీసుకోవడానికి మొహమాటపడ్డాడు.

"దుబాసీ ఎందుకు, నేను తెలుగు నేర్పిస్తా," అందావిడ. "ఫీజు అక్కర్లేదు. ఒకటే షరతు. ఎవరు నేర్పారో అక్కడ ఎవరికీ చెప్పకూడదు."

అతను వెళ్లాక మొగుడు సూదిలోకి దారం ఎక్కిస్తూ, "నీకు పాల యంత్రాల మీద ఇంత ప్రేమ ఉందని నాకు తెలీదే," అన్నాడు.

"మీరూరుకోండి. వీడు అక్కడికి వెళ్తూ వస్తూ ఉంటే అక్క ఎలా ఉందో, ఏం తింటుందో నాకు తెలుస్తుంది. అంతకన్నా నాకేం వద్దు."

"దొంగచాటుగా మనిషిని పంపావని తెలిస్తే?"

"అప్పుడు ఆ గడప ఇక ఎప్పటికీ నాది కాదు," అంది టైలరమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆవిడకి నిజంగానే భయమేసింది.

రెండు దేశాల మధ్య సంబంధాలంటే కోట్లు వేసుకున్నవాళ్లు చేతులు కలుపుకుని ఫొటోలు దిగడమని మనం అనుకుంటాం. ఆ మధ్య తెలుగువాళ్ల సంఘంలో మీటింగు పెడితే ఎంబసీ నుంచి ఒకాయన వచ్చి, మీరందరూ రెండు దేశాల మధ్య వారధులు అని గంటసేపు పొగిడాడు. "వారధంటే అందరూ తొక్కుకుంటూ పోయేదేగా," అని మొగుడు గొణిగితే టైలరమ్మ మోచేత్తో పొడిచింది. ఆ పెద్దాయన సంగతేమో గానీ, అసలు పని మాత్రం ఇస్త్రీబల్ల పక్కన, ముక్కాలిపీట మీద మొదలైంది.

ఇంజనీరు ఆఫీసు అయ్యాక వచ్చి ఆ పీట మీద కూర్చునేవాడు. పుస్తకం లేదు, పలక లేదు. "ఇది కత్తెర. అది ఇటివ్వు. అబ్బే, అది కాదు, టేపు. ఆ సుద్ద అక్కడ పెట్టు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది." ఇదీ పాఠం. చలికాలం వెళ్లేసరికి అతను గుండీల డబ్బాలో ఏ గుండీ అడిగినా తెలుగులోనే వెతికి తెలుగులోనే ఇచ్చేవాడు.

"మా ఊళ్లో ఆడవాళ్లని మేడం అన్నావనుకో, కరెంటు మీటరు చూడ్డానికొచ్చాడు అనుకుంటారు," అని చెప్పింది టైలరమ్మ. "నీకంటే కాస్త పెద్దదైతే అక్కా అను. బాగా పెద్దావిడైతే అత్తా అను. నవ్వే మనిషైతే వదినా అను, ఇంకా నవ్వుతుంది."

"వాళ్లు నాకు అక్కలు కారు కదా. అది అబద్ధం కాదా?" అన్నాడు ఇంజనీరు.

"పాలల్లో కలిపే నీళ్లంత అబద్ధం, ఫరవాలేదు," అన్నాడు మొగుడు మూల నుంచి.

భాష నేర్పుతూ నేర్పుతూ టైలరమ్మ ఊరు కూడా నేర్పేసింది. బస్టాండు దిగగానే సైకిల్ కొట్టు, దాని పక్కనుంచి సందు, సందు చివర పిండిమర, పిండిమర చప్పుడు వినపడుతుండగా ఎడమ చేతికి తిరిగితే మా వీధి. వాన పడితే వసారాలోకి జల్లు కొట్టేది, ముగ్గురూ కలిసి మిషనుని ఎత్తి లోపల పెట్టేవాళ్లు, అమ్మ చక్రం పట్టుకునేది, పెద్దది బల్ల పట్టుకునేది, తను ఉత్తినే చెయ్యి వేసి మోస్తున్నట్టు నటించేది. అక్క అది చూసి కూడా అమ్మకి చెప్పేది కాదు. చెప్తూ చెప్తూ ఆవిడ కుట్టడం మానేసేది. ఇంజనీరుకి సగం అర్థమయ్యేది కాదు, అయినా ఆ పీట మీంచి లేచేవాడు కాదు. మంచివాడు, పోనీండి.

ప్రయాణమై వెళ్లాడు. చేరగానే ఫోన్ చేసి, "మీరు చెప్పిన సైకిల్ కొట్టు లేదు," అన్నాడు.

"నువ్వు సరిగ్గా చూసుండవు."

"సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. పిండిమర కూడా లేదు. ఇక్కడ ఎవరూ మీలాగా మాట్లాడటం లేదు. నేను మాట్లాడితే ముసలివాళ్లు నవ్వుతున్నారు, పిల్లలు నోరు తెరిచి చూస్తున్నారు."

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. పిండిమర ఎత్తేసింది ఇతనే అన్నట్టు నాలుగు చీవాట్లు పెట్టింది. ఫోన్ పెట్టేశాక మాత్రం బాబిన్‌కి దారం చుడుతూ చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

అక్కడ పాల సంఘం మీటింగు అయ్యేసరికి ఇక్కడ ఇంకా పొద్దున్నే. కొట్టు తెరిచి మిషను మీద గుడ్డ తీస్తుండగా ఫోన్ మోగింది. తెర మీద ఇంజనీరు మొహం పాలిపోయి ఉంది.

"అంతా పాడైపోయింది," అన్నాడు.

"ఏమైంది? మెల్లగా చెప్పు."

అతను చెప్పాడు. తెలుగులో మొదలుపెట్టి, కంగారులో తన భాషలోకి జారి, మళ్లీ తెలుగులోకి వచ్చి చెప్పాడు. మొదట అంతా బాగానే జరిగిందట. అక్కలారా, అత్తలారా, వదినల్లారా అనగానే హాలంతా కిలకిలమన్నదట. యంత్రం చెడిపోతే ఎవరొస్తారు, కరెంటు పోతే పాలు ఏమవుతాయి అని అడిగారట. అన్నిటికీ తెలుగులోనే జవాబు చెప్పాడట. చివరికి ఒప్పంద పత్రం బల్ల మీద పెట్టారు. ప్రెసిడెంటు కలం తీసుకుంది గానీ కూర్చోలేదు, నిలబడే ఆలోచిస్తోంది. పెద్దావిడ, కాళ్లు నొప్పులేమో అని ఇతనికి జాలేసింది. కుర్చీ జరిపి, ఎంతో ప్రేమగా, "కూర్చోవే తల్లీ, కూర్చుంటే అరిగిపోతావా?" అన్నాడట.

మొగుడు పగలబడి నవ్వాడు. పెళ్లాం మొహం చూసి ఠక్కున ఆపేశాడు.

"అది మర్యాద మాట కాదా?" అన్నాడు ఇంజనీరు దీనంగా. "మీరు రోజూ మీ మిషనుతో అంటారు కదా. అది ఆగిపోయినప్పుడు ఎంతో ముద్దుగా అంటారు. బతిమాలడానికి అలా అంటారనుకున్నాను."

"ఆవిడేమంది?"

"హాల్లో అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. ఈ మాట నీకు ఎవరు నేర్పారు అని అడిగింది. మీకు మాటిచ్చాను కాబట్టి నేను చెప్పలేదు. కలం బల్ల మీద పెట్టేసి ఇంటికి వెళ్లిపోయింది."

టైలరమ్మ అలాగే పీట మీద కూలబడింది. ఆ మాట అక్కతో అనే మనిషి ప్రపంచంలో అమ్మ ఒక్కతే. ఇప్పుడు అది ఓ పరాయివాడి నోట, సంఘం ఆడవాళ్లందరి ముందు, నవ్వులాటగా వచ్చింది. పెళ్లిలో ఒకసారి అక్క పరువు తీసింది చాలదన్నట్టు, ఇంత దూరం నుంచి మనిషికి శిక్షణ ఇచ్చి పంపించి మరీ రెండోసారి తీసింది. పాపం కంపెనీ పని కూడా చెడింది. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

కాసేపటికి ముక్కు చీదుకుని లేచింది. "ఆవిడ మా అక్క," అంది ఇంజనీరుతో. "అది మా అమ్మ మాట. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు నాయనా. ఫోన్ పెట్టెయ్యకు. అలాగే పట్టుకుని మా అక్క ఇంటికి నడు."

"మళ్లీ ఎవరు అని అడిగితే?" అన్నాడు మొగుడు. ఈసారి జోకు కాదు.

"అడగనీండి. ఈసారి చెప్తాను."

ఇంజనీరు ఫోన్ చేతిలో పట్టుకుని నడిచాడు. ఆ మహానుభావుడికి ఫోన్ ఎలా పట్టుకోవాలో తెలియదు, ఊరంతా తలకిందులుగా కనిపిస్తోంది. ఓసారి అతని బూట్లు, ఓసారి ఆకాశం, ఓసారి ఎవరి ఇంటి గోడో. ఆ గోడల మధ్య టైలరమ్మ పాత సందుని వెతుక్కుంటోంది. సెల్‌ఫోన్ల దుకాణం దాటిపోయింది, సిమెంటు రోడ్డు వచ్చింది, అంతా కొత్తగా ఉంది. ఒక మలుపు దగ్గర మాత్రం తన కాళ్లే తిరిగినట్టు ఆవిడ ఒళ్లు ఎడమవైపుకి ఒరిగింది. ఇంజనీరు కూడా ఎడమవైపుకే తిరిగాడు.

వసారా. చెప్పులు. ఆ తర్వాత అక్క కంఠం, "మళ్లీ ఎందుకొచ్చావు బాబూ?"

ఇంజనీరు ఫోన్ అందించాడు. తెర మీద అక్క గడ్డం, తర్వాత కళ్లజోడు, తర్వాత మొహం. ఎర్రగా ఉన్నాయి కళ్లు. టైలరమ్మ ఫోన్ మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. ఎవరు అని అడుగుతుంది, నేను నీ చెల్లెల్నే అని చెప్పాలి, వెంటనే చెప్పాలి, పెట్టేసేలోపు చెప్పాలి.

అక్క అడగలేదు. "నువ్వేనని నాకు అక్కడే తెలిసింది," అంది. "ఆ మాట ఇంకెవరికి తెలుసు? వాడు కుర్చీ జరిపి అలా అనేసరికి నా గుండె ఆగినంత పనైంది. నలుగురి ముందు ఏడుస్తానేమోనని వచ్చేశాను."

"అక్కా, నా మీద కోపంతో ఆ పిల్లాడి పని చెడగొట్టకు."

"యంత్రం బాగానే ఉంది. చెడిపోతే ఎన్నాళ్లకొస్తారో కాగితం మీద రాయమను, సంతకం పెడతాను. దానికీ దీనికీ ముడిపెట్టేంత తెలివితక్కువదాన్ని కాదు."

"అక్కా, పెళ్లిలో ఆ రోజు నేను..."

"అది ఇప్పుడొద్దు. అది ఫోన్లో అయ్యే పని కాదు. నువ్వొచ్చాక తీరిగ్గా తిట్టాలి." అక్క కొంగుతో కళ్లజోడు తుడుచుకుంది. పెట్టుకోలేదు. "ఒసేయ్, అమ్మ ఇంకా ఏమేం అనేదే? నాకు గుర్తురావడం లేదు. ఇక్కడ అందరి మాటా మారిపోయింది, వాళ్లతో పాటు నాదీ మారిపోయింది. రోజూ అమ్మ మిషను పక్కనుంచే తిరుగుతాను, అమ్మ గొంతు గుర్తుంది గానీ మాటలు పోయాయి. నీ దగ్గర ఉన్నాయని ఇవాళ తెలిసింది."

టైలరమ్మ చెప్పసాగింది. కాజా వంకరపోతే ఏమనేది, బియ్యం ఏరమంటే బద్ధకించినప్పుడు ఏమనేది, రవిక బిగుతైందని గొడవకొచ్చిన కరణంగారి భార్యని పంపించేసి వెనకాల ఏమనేది. ఒక్కొక్కటి చెప్తుంటే అక్క ఆ మాటని తనూ పైకి అని చూసుకుంటోంది. ఇద్దరూ నవ్వారు. ఇద్దరికీ ముక్కులు కారాయి. కోటు తీసుకుందామని ఎవరో తలుపు తోసుకుని వస్తే, మొగుడు ఎదురెళ్లి సాయంత్రం రమ్మని పంపించేశాడు.

నవ్వు ఆగాక అక్క కళ్లజోడు పెట్టుకుంది.

"నీకొకటి చెప్పాలి. అమ్మ పోయినప్పుడు నువ్వొచ్చావు, అప్పుడే చెప్పాల్సింది. కావాలనే చెప్పలేదు."

"ఏంటక్కా?"

"నువ్వు పరాయి దేశం వెళ్లిపోయాక అమ్మ మిషనుని తల్లీ అనడం మానేసింది. చిన్నదానా అనేది. తిరగవే చిన్నదానా, ఏం తిన్నావే చిన్నదానా, అక్కడ చలిగా ఉందటే చిన్నదానా. కుట్టడానికి బట్ట లేకపోయినా దాని ముందు కూర్చుని మాట్లాడేది. అన్నం పెట్టింది నేను, మందులు వేసింది నేను, పక్కన పడుకున్నది నేను. పిలిచింది మాత్రం నిన్ను. నాకు కుళ్లు పుట్టిందే. అందుకే దాచేశాను. పెళ్లిలో నీళ్ల మీద కోపం అన్నాను గానీ, సగం కోపం దానిదే."

టైలరమ్మ చెయ్యి తన మిషను చక్రం మీదికి వెళ్లింది.

"ఆ పిలుపు నీ వాటా," అంది అక్క. "ఇన్నేళ్లూ నా దగ్గర ఉంచుకున్నాను. తీసుకో."